వరి వేరుకు సన్మానం

పెద్దపల్లి పక్కన రిబ్కమ్మ పొలంలో యూరియా అడగని వరి పెరుగుతోందని పరిశోధన కేంద్రం వారు సగర్వంగా ప్రకటించారు. నేలలో నత్రజని తక్కువైతే ఈ వరి దిగాలుపడి కూర్చోదు. దాని జన్యువుల్లోని ఒక గుణం వల్ల వేళ్లు లోతుకు దిగి, ఉన్నదేదో వెతుక్కుంటాయి. ఎవరినీ అడక్కుండా బతికే ఈ స్వభావం కొందరు అధికారులకు నచ్చలేదు గానీ, ఫోటో బాగా వస్తుందని ఒప్పుకున్నారు.

రిబ్కమ్మ ఈ పరిశోధనకు పది గుంటల మడి ఇచ్చింది ఒకే ఆశతో. పండిన వడ్లను విత్తనాలకు దాచుకుంటే, వచ్చే వానకాలం నుంచి భర్త అహరోను యూరియా లైనులో చెప్పులు పెట్టి పొద్దంతా కాపలా కాసే బాధ తప్పుతుంది.

అయితే ఈ వరి గొప్పతనమంతా భూమిలో ఉంది. చూడాలంటే పీకాలి. మొదట కేంద్రం డైరెక్టరు రాజ్‌కుమార్ గారు ఒక దుబ్బు పీకి, కడిగించి, టేపుతో కొలిచి, దానికి శాలువా కప్పి ఫోటో దిగారు. తరువాత మండల అధికారులు, జిల్లా అధికారులు, వారి బంధుమిత్రులు, ఎరువుల దుకాణదారులు వచ్చి ఎవరి దుబ్బు వారు పీక్కున్నారు. ఇంతమంది పెద్దలు బురదలో చెయ్యి పెట్టడం ఆ ఊరి చరిత్రలో ఇదే మొదలు. ఒక మూల తప్ప మడంతా ఖాళీ అయింది.

“సారు, గింజ పట్టేదాంక ఆగుండ్రి. ఇత్తనాలకన్న జర మిగలనియ్యుండ్రి,” అంది రిబ్కమ్మ.

రాజ్‌కుమార్ గారు మైకు సరిచేసుకున్నారు. “చూడమ్మా, గింజ ఏ వరికైనా వస్తుంది. మేము జాతికి అందిస్తున్నది వేరును. స్వార్థం తగదు.”

మిగిలిందైనా దక్కాలని మర్నాడు ఆలుమగలు మడిలో ఉన్న పరిశోధన కేంద్రం బోర్డు పీకి పక్క మడిలో పాతారు. అందులో ఉన్నది యూరియా తిన్న మామూలు వరి. బోర్డు ఎక్కడుంటే పరిశోధన అక్కడే కనుక ఎవరికీ అనుమానం రాలేదు. యూరియా లేకుండానే ఇంత పచ్చదనమా అని కొందరు కళ్లు తుడుచుకున్నారు. వేరు మాత్రం జానెడు కూడా లేదు.

దానికీ డైరెక్టరు గారి దగ్గర సమాధానం ఉంది. “పోయిన వారం దాకా వేరు నత్రజనిని వెతుక్కుంటూ వెళ్లింది. ఈ వారం నత్రజనే వేరును వెతుక్కుంటూ వచ్చింది. శాస్త్రం ఇంత వేగంగా ఎదగడం నా సర్వీసులో చూడలేదు.”

ఆ మామూలు వడ్లనే కేంద్రం వారు విత్తనాలని సంచుల్లో నింపి అమ్మారు. సంచి మీది ఫోటోలో పొడవైన పాత వేరు పట్టుకుని డైరెక్టరు గారు నవ్వుతున్నారు. ధర మూడింతలు. ఊరంతా కొన్నది. యూరియా వెయ్యకపోతే పైరు పసుపెక్కింది. దాంతో ఊరంతా మళ్లీ యూరియా లైనులో నిలబడింది.

రిబ్కమ్మ దగ్గర అసలు వడ్లు కుంచెడు మిగిలాయి. తాము కొంత ఉంచుకుని, మిగతావి పొరుగు రైతు పోశానికి ఇవ్వబోయింది, జరిగినదంతా చెప్పి.

“నీ మాట నమ్ముత వదినె,” అన్నాడు పోశం. “గనీ సంచి లేదు, సంచి మీద ఫోటో లేదు. రేపు పంట పోతె ఎవల్ని అడుగాలె?”

ఫోటో ఉన్న సంచి కొని నష్టపోయినప్పుడు ఎవరిని అడిగావని ఆమె అడగలేదు. వడ్లు కొంగులో కట్టుకుని ఇంటికి పోయింది.

పోశం అమాయకుడని మీరు నవ్వుకుంటే నవ్వుకోండి. ఈ సంగతంతా నేను చదువుకున్న నలుగురికి చెప్పాను. ఒక్కరూ రిబ్కమ్మ ఇల్లెక్కడని అడగలేదు. ఆ సంచి ఏ దుకాణంలో దొరుకుతుందని అడిగారు.