కూర్చునే కాగితం

మనిషి రెండు కాళ్ల మీద నిలబడటం నేర్చుకోవడానికి లక్షల ఏళ్లు పట్టిందని శాస్త్రజ్ఞులు చెబుతారు. అలా నిలబడిపోయిన మనిషి తిరిగి కూర్చోవడానికి మాత్రం ముప్పై పనిదినాలు చాలునని ఉపవేశన అనుమతుల శాఖ తన కార్యాలయం గోడ మీద రాతపూర్వకంగా హామీ ఇచ్చింది. ఉపవేశనం అంటే కూర్చోవడం. (ఆ మాటే రాస్తే జనానికి అర్థమైపోతుందని శాఖవారు జాగ్రత్తపడ్డారు.)

దుకాణాల్లో పనిచేసేవాళ్లు పొద్దస్తమానం నిలబడి మడమలు పాడుచేసుకుంటున్నారని, వాళ్లకు కూర్చునే సౌకర్యం కల్పించాలని ఈ శాఖను పెట్టారు. అంతకుముందు కాళ్లు నొప్పి పుడితే ఏ మూలనో కాసేపు కూర్చునేవాళ్లు. శాఖ వచ్చాక కూర్చోవడం సౌకర్యమైంది. సౌకర్యానికి అర్హత ఉండాలి, అర్హతకు రుజువు ఉండాలి, రుజువుకు ఆఫీసులుండాలి. అందుకని నమోదు మదనపల్లెలో, పరిశీలన పుంగనూరులో, తుది నిర్ణయం కుప్పంలో పెట్టారు. మూడు ఊళ్లలో ఏ ఊరికీ అన్యాయం జరిగిందన్న మాట రాలేదు.

మదనపల్లెలో మా వీధిలో ఉండే హమీదా, ఊళ్లోనే బెంగళూరు బస్టాండు దగ్గర ముద్దుకృష్ణ గారి చీరల దుకాణంలో పదమూడేళ్లుగా పనిచేస్తోంది. ఉదయం తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా నిలబడే చీరలు చూపించాలి. లక్ష్మీదేవి తిరిగే చోటు కాబట్టి చెప్పులు గుమ్మం బయటే విడవాలి. (పటంలో లక్ష్మీదేవి మాత్రం కూర్చునే ఉంటుంది. ఆమె అనుమతి పత్రాన్ని ఎవరూ అడిగినట్టు లేదు.) పోయిన శ్రావణమాసం రద్దీ ముగిశాక హమీదా ఒకనాడు పొద్దున్నే మంచం దిగి అడుగు వేస్తే, కుడి మడమలో మేకు దిగినట్టయింది.

ఈ నొప్పికి ఒక స్వభావం ఉంది. నిద్ర లేచి వేసే మొదటి అడుగులకు ప్రాణం తీస్తుంది. గోడ పట్టుకుని ఓ పాతిక అడుగులు వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఇది వచ్చినవాళ్లందరికీ తెలుసు, డాక్టర్లకూ తెలుసు. శాఖకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

మా వీధిలో డాక్టర్లకు కొదవలేదు. కాల్చిన ఇటుక మీద జిల్లేడాకులు పరిచి మడమ ఆనించమని ఒకరు, ఆవనూనె రాయమని ఒకరు, ఇదంతా ఫారం కోళ్లు తిన్నందువల్లేనని ఇంకొకరు. హమీదా అన్నీ చేసింది, కోళ్లు కూడా మానేసింది. చివరికి చదువుకున్న డాక్టరు దగ్గరికి పోతే, అరికాలి కింది నరంలాంటి పట్టీ వాచిందని ఆయన చెప్పాడు. మంచం దిగకముందే తువ్వాలు వేసి కాలివేళ్లను వెనక్కి లాగమన్నాడు. గోడకు చేతులానించి పిక్కలు సాగదీయమన్నాడు. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నీళ్ల సీసాను పాదం కింద దొర్లించమన్నాడు. మెత్తటి చెప్పులు లేకుండా ఇంట్లో కూడా నడవొద్దన్నాడు. ఏడాదిలోపు తప్పక తగ్గుతుంది, రోజంతా నిలబడితే మాత్రం తగ్గదు అని చీటీ మీద రాసి కింద గీత గీశాడు. అంటే హమీదాకు కావలసిన మందు ఒక స్టూలు.

ముద్దుకృష్ణ గారు కఠినుడు కాదు, భయస్థుడు.

“నీకు స్టూలేసేకి నాకేం బాధ లేదమ్మా. రేపు ఇన్‌స్పెక్షనుకు వస్తే నేనేం సూపించేది? కూర్చునే కాగితం తెచ్చుకో. మూడు నెలలు సూస్తా,” అన్నాడు.

మూడు నెలల తర్వాత నిలబడగలిగిన మనిషిని చూసుకుంటాడని ఆయన చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. హమీదా జీతం మీదే ఆ ఇల్లు నడుస్తోంది. కూతురు సల్మా నర్సింగు చదువుకు ఇంకా ఏడాదిన్నర ఉంది.

వీధిలో అర్జీలు రాసిపెట్టే అలవాటు నాకుంది కాబట్టి ఫారం నేనే నింపాను. ముందు శాఖవారి యాప్‌లో నొప్పి ఫోటో ఎక్కించాలి. మడమను మూడు దిక్కుల నుంచి తీసి పంపాం. మూడుసార్లూ ఒకటే జవాబు: ‘మడమ కనిపించుచున్నది. నొప్పి కనిపించుటలేదు.’ నాలుగోసారి హమీదా ముఖం కూడా కలిపి తీస్తే అంగీకరించారు. ఆమె ఆ రోజు నొప్పితో కాదు, విసుగుతో ముఖం అలా పెట్టిందని నేను శాఖకు తెలియజేయలేదు.

మదనపల్లె కార్యాలయంలో కుర్చీలు లేవు. అనుమతి ఉన్నవాళ్లే కూర్చోవాలి, అనుమతి ఉన్నవాళ్లకు ఇక్కడికి వచ్చే పని ఉండదు, కాబట్టి కుర్చీలు అనవసర వ్యయమని గుమాస్తా ఉమాశంకర్ వివరించాడు. అతని వివరణలో ఎక్కడా తప్పు పట్టలేకపోయాను. పాదరక్షలు బయట విడవాలని బోర్డుంది. హమీదా గ్రానైటు మీద వట్టికాళ్లతో రెండు గంటలు నిలబడింది. వంతు వచ్చాక కిటికీ నుంచి తలుపు దాకా నడవమన్నారు. అప్పటికి నొప్పి సర్దుకుంది, నడిచింది. ‘దరఖాస్తుదారు నడిచినది’ అని రాసి ఫైలును పుంగనూరు పంపారు.

పుంగనూరువారు శాస్త్రీయంగా ఆలోచించేవాళ్లు. నొప్పి తెల్లవారుజామున వస్తోంది, అది పనివేళల్లోకి రాదు కాబట్టి గుర్తించే అధికారం తమకు లేదన్నారు. పదిన్నరకూ అయిదుకూ మధ్య వచ్చే నొప్పయితే వెంటనే చేసిపెడతామన్నారు. నేను గట్టిగా అడిగితే, ఇలాంటి వాటి కోసం ప్రభాత నొప్పి పరిశీలక బృందం ఒకటి ఉందని, దరఖాస్తు చేస్తే ఇంటికే వస్తారని చెప్పారు.

బృందం ఫలానా బుధవారం ఉదయం అయిదున్నరకు వస్తుందని నోటీసు అందింది. ఆ రోజు హమీదా మంచం దిగలేదు. దిగి నాలుగడుగులు వేస్తే నొప్పి ఖర్చయిపోతుందని కాలు కింద పెట్టకుండా దాచిపెట్టింది. ఏడయింది, ఎనిమిదయింది. సల్మా మంచం మీదికే టీ తెచ్చి ఇచ్చింది. తొమ్మిదింటికి ఇక ఏ మనిషైనా ఆపుకోలేని పని పడి హమీదా మంచం దిగింది. గోడ పట్టుకుని, పళ్లు బిగబట్టి, నొప్పినంతా అలా వృథాగా వాడేసింది. పదకొండింటికి టిఫిన్లు ముగించుకుని వచ్చిన బృందం ఇల్లంతా చూసి నివేదిక రాసింది: ‘మేము వెళ్లు సమయమునకు నొప్పి ఇంటిలో లేదు.’

మూడు నెలల్లో ఇంక తొమ్మిది రోజులు మిగిలాయి. కుప్పం పోయాం, ఉపవేశనాధికారి సుదర్శన్ గారి దగ్గరికి. పలమనేరు మీదుగా బస్సులో హమీదాకు సీటు దొరికింది. మూడు గంటలకు పైగా కూర్చుంది. కుప్పం బస్టాండులో దిగి వేసిన మొదటి అడుగుకు ఆమె నా భుజం పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. బస్సులోని యాభైమందీ, వేరుశనక్కాయలమ్మే ముసలామె కూడా చూశారు. ఆ నొప్పిని చూడటానికి జీతం తీసుకునే మనిషి ఒక్కడే అక్కడ లేడు.

ఆయన గది ముందు మళ్లీ రెండున్నర గంటలు నిలబడ్డాం. లోపల నడవమన్నారు, ఆమె నడిచింది. ఏ లోటూ లేకుండా నడిచింది. సుదర్శన్ గారు మర్యాదస్తుడు, మెత్తగా మాట్లాడతాడు. బాగానే నడుస్తోంది కదా అని ఫైలు మూయబోయాడు.

“సార్, పది నిమిషాలు కూసోనిండి. లేసేటప్పుడు నొప్పి యాడుండాదో మీ కండ్లతోనే సూస్తారు,” అంది హమీదా.

“కూర్చునేకి కాగితం ఉండాల గదమ్మా. దానికోసరమే గదా నువ్వు వచ్చిండేది,” అన్నాడాయన. ఆ గొంతులో ఎగతాళి లేదు. అదే నన్ను భయపెట్టింది.

హమీదా ఆయన వంకా, నా వంకా చూసింది. తర్వాత చీర కుచ్చెళ్లు సర్దుకుని, ఉపవేశనాధికారి బల్ల ముందు, నేల మీద, కూర్చుంది.

ఆ గదిలో అలాంటిది ఎన్నడూ జరగలేదు కాబోలు. ఒక గుమాస్తా లేచి కిటికీ మూశాడు. ఇంకొకతను నియమావళి తీసి పేజీలు తిప్పసాగాడు. లేపడానికి ఏ సెక్షను వర్తిస్తుందో ఎవరికీ తెలియలేదు. పది నిమిషాలు గోడ గడియారం వంక చూస్తూ గడిపాం. తర్వాత ఆమె లేచి కుడికాలు నేల మీద మోపింది. బల్ల అంచును రెండు చేతులా పట్టుకుని వంగిపోయింది, ముఖం తెల్లబడింది. సుదర్శన్ గారు తెలియకుండానే కుర్చీలోంచి సగం లేచాడు. చూశాడు, అర్థం చేసుకున్నాడు. మళ్లీ కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది కానీ, ఆయన రాస్తున్నాడు కదా అని నోరు మూసుకున్నాను. అలా మూసుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆరో రోజున ఉత్తర్వు వచ్చింది. రెండే అంశాలు. ఒకటి: దరఖాస్తుదారుకు తీవ్రమైన మడమ నొప్పి కలదని, ఎక్కువసేపు నిలబడుటకు ఆమె అర్హురాలు కాదని నిస్సందేహముగా రుజువైనది. రెండు: అనుమతి లేకుండా ప్రభుత్వ కార్యాలయములో కూర్చున్నందున, తొమ్మిదవ నియమము ప్రకారము, మూడేళ్ల పాటు ఆమెకు కూర్చొనుటకు అనుమతి నిరాకరించడమైనది.

ముద్దుకృష్ణ గారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి రెండుసార్లు చదివాడు. కోప్పడలేదు. పాపం, నిజంగానే బాధపడ్డాడు.

“నిలబడేకి నీకు చేతకాదని గవర్నమెంటే రాసిచ్చింది. కూర్చోకూడదని గూడా అదే రాసిచ్చింది. పండుకోని చేసే ఉద్యోగం మా కాడ లేదమ్మా,” అన్నాడు.

హమీదా చేతిలో ఉన్న చీరను మడత పెట్టి బీరువాలో ఉంచి, బయటికి వచ్చి చెప్పులు వేసుకుంది.

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. పడుకుని చేసే ఉద్యోగాలు ఆ శాఖలోనే ఉన్నాయి. అవన్నీ ఎప్పుడో భర్తీ అయిపోయాయి.