మంచులో దిగబడే భాగ్యం

బండి మంచులో దిగబడటం కష్టమని ఎవరన్నారండీ? పట్నంవాళ్లు అనుంటారు. మా తాష్‌బెల్ కనుమలో ఒక్కసారైనా దిగబడని మనిషిని చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, వాడి బతుకులో ఏమీ జరగలేదన్నమాట!

పట్నంలో ఒకడు తాళం తిప్పుతాడు, బండి కదులుతుంది, ఆఫీసుకెళ్తాడు, ఇంటికొస్తాడు. దారిలో ఎవరితోనైనా నోరు విప్పి మాట్లాడాడా? మాకలా కాదు. గొర్రెల బేరాలు, పొలం తగాదాల రాజీలు, చివరికి పెళ్లి సంబంధాలు కూడా కనుమ మలుపుల్లోనే తేలతాయి. నా పెళ్లీ అక్కడే కుదిరింది. మా మామగారి లారీని మా నాన్న లాగుతుంటే తాడు మూడుసార్లు తెగిందట. నాలుగోసారి ముడి వేసేసరికి ఇద్దరూ వియ్యంకులైపోయారు.

ఇక బ్యాటరీ వల్ల సంసారానికి కలిగే మేలు చెప్పనే లేదు. చలికాలం ప్రతి సాయంత్రం బ్యాటరీ ఊడదీసి ఇంట్లోకి తెచ్చుకుంటాం. పొయ్యి పక్కన పెట్టి దుప్పటి కప్పుతాం. మా ఆవిడ జిపార్ ఒకరోజు నిలదీసింది.

"నడుం నొప్పని మూడు రోజులుగా మూలుగుతున్నా. నాకెప్పుడైనా కప్పావా? దానికి రెండు దుప్పట్లు!"

"నువ్వు పొద్దున్నే లేస్తావు కదే. లేవనిది అదే."

ఆ తర్వాత రెండు రోజులు నాకు టీ లేదు. అయినా ఇంత సంభాషణ ఏ పట్నం మొగుడూపెళ్లాల మధ్య జరుగుతుంది చెప్పండి?

తెల్లారితే ఇంజను కింద పిడకల మంట. అరగంట పొగ మింగితే బండి దగ్గుతుంది, మనమూ దగ్గుతాం. మా ఊళ్లో కనుబొమలు నిండుగా ఉన్న డ్రైవర్ను ఎవరూ నమ్మరు. వాడెప్పుడూ మంట దగ్గర కూర్చోలేదని తెలిసిపోతుంది!

అన్నిటికన్నా గొప్పది మా కట్టుబాటు. దిగబడిన బండిని చూసి ఆగకుండా వెళ్లకూడదు. పగవాడిదైనా సరే, పెళ్లికి ఆలస్యమైనా సరే. ఆగాలి, దిగాలి, తాడు వెయ్యాలి.

ఇంత చక్కటి ఏర్పాటును చెడగొట్టడానికి రెండేళ్ల కిందట ప్రభుత్వం మంచు తోసే యంత్రం పంపింది. నిగనిగలాడే పసుపు రంగు, ఇల్లంత ఎత్తు! ఊరి చివర దానికో షెడ్డు కట్టారు. పొట్టేలును కోసి చక్రాలకు రక్తం పూశాం, మాంసం అందరం తిన్నాం. తర్వాత రోడ్ల అధికారి షర్షెన్ గారు షెడ్డుకు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నారు.

"మంచులో తిప్పితే పాడైపోదూ?" అన్నారు.

ఎంత ముందుచూపు! వానలో గొడుగు పట్టుకెళ్లి తడుపుకునే తెలివితక్కువవాళ్లం, మాకేం తెలుసు?

దాని డ్రైవర్ కుబాత్ మా ఊరివాడే. చలికి బ్యాటరీ చచ్చిపోతుంది సార్, రాత్రులు ఇంటికి తీసుకెళ్తానని అడిగాడు.

"ప్రభుత్వ సొత్తు ఇంటికి మోసుకుపోతావా? దొంగతనమంటారు దాన్ని!" అని కసిరి, బ్యాటరీ మీద చెయ్యి వెయ్యాలంటే మూడు సంతకాలు కావాలని కాగితం అంటించారు. మూడో సంతకం వారిదే.

జనవరిలో జిపార్‌కు కడుపునొప్పి వచ్చింది. అపెండిక్స్ అన్నాడు ఊరి కాంపౌండరు. ఆసుపత్రి కనుమకు అవతల ఉంది. ఉదయం తొమ్మిదింటికి ఎనిమిదో మలుపులో అంబులెన్సు దిగబడింది. రోడ్ల ఆఫీసుకు ఫోన్ చేస్తే, యంత్రం కదలాలంటే ఆర్డరుండాలన్నారు. ఊరంతా పారలతో వచ్చింది, జడల బర్రెలు కూడా వచ్చాయి. లోపల జిపార్ తలగుడ్డ కొరుక్కుంటూ నా చెయ్యి పట్టుకుని ఉంది. ఆ పట్టు నా వేళ్లకు ఇప్పటికీ గుర్తుంది.

అలా మూడు గంటలు గడిచాక కింద నుంచి యంత్రం చప్పుడు వినిపించింది. ఏడ్చేశామండీ సంతోషంతో!

అది ఆగలేదు.

మా పక్క నుంచే పోతూ, తోసిన మంచంతా అంబులెన్సు తలుపుల మీదికి గుమ్మరించి పైకి వెళ్లిపోయింది. కుబాత్ అద్దం దించి అరిచాడు.

"ఆర్డరన్నా! సారు జీపు పైన ఆగిపోయింది! నన్ను క్షమించు వదినా!"

యంత్రం జీపును లాక్కుని సారును అటునుంచి అటే ఏదో విందుకు తీసుకెళ్లింది, తిరిగి రాలేదు. తలుపుల దాకా పడ్డ మంచు తవ్వడానికి మాకు ఇంకో నాలుగు గంటలు పట్టింది, మొత్తం ఏడు గంటలు. ఆసుపత్రి చేరేసరికి అపెండిక్స్ పగిలిపోయింది. ఇంకో గంట ఆలస్యమైతే తన చేతుల్లో ఏమీ ఉండేది కాదని డాక్టరమ్మ చెప్పింది. నెల రోజులు మంచంలో ఉంది నా భార్య.

షర్షెన్ గారు మాత్రం ఈ పత్రికకే చక్కటి మాట చెప్పారు. "కొండ జనం ఒకరినొకరు లాక్కోవడం మన గొప్ప వారసత్వం. యంత్రాలతో దాన్ని పాడుచేయకూడదు." చదివి నాకు కళ్లు తెరుచుకున్నాయి. ఈ వ్యాసమంతా ఆ తెరిచిన కళ్లతో రాసిందే.

పోయిన మంగళవారం అదే ఎనిమిదో మలుపులో వారి జీపు దిగబడింది. ఫోన్ రాగానే కుబాత్ యంత్రం తాళం తిప్పాడు. చప్పుడు లేదు. బ్యాటరీ చలికి చచ్చిపోయింది. మారుద్దామంటే మూడో సంతకం జీపులో కూర్చుని ఉంది!

కట్టుబాటు కట్టుబాటే కదా, ఊరంతా వెళ్లాం. తివాచీ పరిచాం, పిడకల మంట వేశాం, టీ కాచే సమోవార్ పెట్టాం. వేడి రొట్టె, వెన్న, ఉప్పు టీ. సారుకు రెండు దుప్పట్లు కప్పాం. దిగబడటంలోని లాభాలన్నీ, పైన మీకు చెప్పిన వరసలోనే, ఒక్కొక్కటీ వివరించాను.

"తాడేదయ్యా?"

"ఉంది సార్, ఇదిగో చేతిలోనే ఉంది. తొందరేముంది? మా అన్న కొడుకు పెళ్లికున్నాడు, మీ ఎరికలో పిల్లలెవరైనా ఉన్నారా?"

"నాకు జిల్లాలో మీటింగుంది! ఎప్పుడు లాగుతారు?"

జిపార్ ముందుకొచ్చింది. ఒక చెయ్యి ఇంకా కడుపు మీదే ఉంది. రెండో చేతి గడియారం వైపు చూసింది.

"మీరు దిగబడి ఏడు గంటలు నిండడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది సారూ," అంది. "ఇంకో కప్పు టీ తాగండి."