నలభై అడుగుల మొహం

"తెల్లవారుజామున నాలుగు గంటలకు లేవనివాడికి భవిష్యత్తు లేదు!"

ఈ మహావాక్యాన్ని ఉమామహేష్ లోకానికి ప్రకటించిన సమయం ఉదయం తొమ్మిదీ నలభై. ప్రకటించిన స్థలం మంచం. నడుము దాకా దుప్పటి, నడుము పైన ఇస్త్రీ చేసిన ట్రాక్ సూటు. కిటికీకి నల్లగుడ్డ కట్టి, బల్లమీది దీపానికి పసుపు కాగితం చుట్టి, గాజువాకలోని ఆ అయిదో అంతస్తు పడకగదిలో అతను రోజూ ఒక బ్రహ్మముహూర్తాన్ని సొంతంగా తయారు చేసుకుంటాడు. కెమెరాకు కనపడకుండా మంచం కింద కాఫీ గ్లాసు ఉంటుంది. అతని ఉపన్యాసాల ప్రకారం నాలుగింటికి లేచేవాళ్లు కాఫీ ముట్టరు మరి!

ఒకప్పుడు ఉమామహేష్ ఇన్సూరెన్సు పాలసీలు అమ్మేవాడు. అతను వీధి మొదట్లో కనిపిస్తే జనం వీధి చివర్నుంచి వెళ్లిపోయేవారు. ఒకరోజు ఫోన్లో ఎవరో మహానుభావుడు, మనిషికి పేరు ఉంటే చాలదు, బ్రాండ్ ఉండాలి అని చెప్పాడు. ఆ మాట ఉమామహేష్‌కి ఎక్కడో తగిలింది. 'నాలుగు గంటల మహేష్' అని చానెల్ పెట్టాడు. పారిపోయిన జనమే లక్షమంది ఫాలోవర్లై తిరిగొచ్చారు.

అయినా అతనికొక దిగులుండేది. గాజువాక జంక్షన్లో కట్టే నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీల్లో అతని ఫొటో ఎప్పుడూ మూడో వరసలో పదకొండో తలకాయే. దానిమీద కూడా పక్కనున్న తాతబాబు అనేవాడి భుజం పడి ఒక చెవి కనపడేది కాదు. జంక్షన్ దాటిన ప్రతిసారీ ఆ చెవి కోసం ఉమామహేష్ మనసు కుమిలిపోయేది.

అలాంటి రోజుల్లో 'ప్రాణవాచ్' అనే కంపెనీ నుంచి నవీన్ అనే మేనేజరు వచ్చాడు. చేతికి పెట్టుకుంటే అది నాడి చూస్తుంది, ఒంటి వేడి చూస్తుంది, నిద్ర లెక్కేస్తుంది, మెట్లు లెక్కేస్తుంది. అందులోనే సిమ్ముంది, కాబట్టి ఎక్కడున్నా కబురు కంపెనీకి చేరిపోతుంది. పైగా తెలుగులో మాట్లాడుతుంది!

"సార్, ఒకటి మీకు, ఒకటి మేడంగారికి," అని రెండు డబ్బాలు బల్లమీద పెట్టాడు నవీన్. "మీ వాచీ మీ పేరుమీద నమోదైంది. నలభై రోజులు మీ జీవితం జనానికి చూపిద్దాం. నలభయ్యో రోజున బీచ్ రోడ్డు హోటల్లో సభ. ఆ తర్వాత గాజువాక జంక్షన్లో నలభై అడుగుల హోర్డింగ్. మీరొక్కరే!"

"రెండు చెవులూ ఉంటాయా?" అని అడిగాడు ఉమామహేష్.

మొదటిరోజు అతను నిజాయితీగానే ప్రయత్నించాడని చెప్పక తప్పదు. నాలుగింటికి వాచీ మణికట్టుమీద గింజుకుంది. ఏదో కలనుకుని చేతిని తలగడ కిందికి తోశాడు. తొమ్మిదిన్నరకి వాచీ మహా సంతోషంగా ప్రకటించింది. "గాఢ నిద్ర, తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలు. చాలా బాగుంది!"

భార్య అనూరాధ స్టీలుప్లాంటు ఉద్యోగి. పొద్దుటి 'ఏ' షిఫ్టు ఉన్నప్పుడు నాలుగింటికి లేచి, వంట చేసి, అయిదుంబావుకి బస్సెక్కుతుంది. ఆ ఇంట్లో నాలుగు గంటల మనిషి నిజంగా ఎవరైనా ఉంటే ఆవిడే.

"అనూ, నువ్వెలాగూ లేస్తావు కదా. ఈ నలభై రోజులూ నా వాచీ పెట్టుకుందూ."

"నాను బస్సు కోసం లేస్తన్నాను, ఊరికి చెప్పుకోడానిక్కాదు. నీ లేవడమేదో నువ్వే లేవు," అని టిఫిను డబ్బా సర్దుకుని ఆవిడ వెళ్లిపోయింది.

పదింటికి పోతమ్మ వచ్చింది. పోతమ్మ రోజూ హార్బర్లో వేలంపాటలో చేపలు పాడుకుని, ఆటోలో గాజువాక వచ్చి, ఐసు పెట్టెను బుట్టలో పెట్టుకుని నెత్తిన మోసుకుంటూ అపార్టుమెంట్లన్నీ తిరుగుతుంది. వీళ్ల అపార్టుమెంటులో లిఫ్టుంది. లిఫ్టు పక్కన నోటీసు కూడా ఉంది. 'చేపల బుట్టలకు లిఫ్టునందు ప్రవేశము నిషిద్ధము. ఇట్లు, కార్యదర్శి.' ఆ కార్యదర్శి ఉమామహేషే. కాబట్టి అరవై దాటిన పోతమ్మ ఆయాసపడుతూ అయిదు అంతస్తులెక్కి, సాక్షాత్తూ కార్యదర్శిగారి గుమ్మంలోనే బుట్ట దించింది.

"పోతమ్మా, నువ్వెన్నింటికి లేస్తావు?"

"మూడున్నరకి లెగుత్తాను బాబూ. నాలుక్కి పాటకాడుండాల. ఏటి, ఏటైనాది?"

"ఏం లేదు. ఈ వాచీ పెట్టుకో. నలభై రోజులు తియ్యకు."

"నాకు టైము సూడ్డం రాదు బాబూ."

"నువ్వు చూడక్కర్లేదు. అదే నిన్ను చూస్తాది."

పోతమ్మ చెయ్యి చీర చెంగుకి తుడుచుకుని ముందుకు చాపింది. ఉమామహేష్ రెండో వాచీ తన చేతికి పెట్టుకున్నాడు. చూసేవాళ్లకి రెండూ ఒకటే!

ఆ మర్నాటి నుంచి 'నాలుగు గంటల మహేష్' జీవితం దేదీప్యమానంగా వెలిగిపోయింది. మేలుకున్న సమయం మూడూ ముప్ఫై రెండు. అడుగులు ఇరవై రెండువేలు. ఎక్కిన మెట్లు ఆరువందల పది. మ్యాపులో రోజూ హార్బరు కనిపిస్తోందేమని ఎవరో అడిగితే, 'సముద్రమే నా గురువు' అని పడకగదిలోంచి ఒక వీడియో వదిలాడు. అది నాలుగులక్షల మంది చూశారు.

నవీన్ ఫోన్ చేసి, "సార్, అసలు మీరు మనిషేనా?" అన్నాడు.

"ఏదో, ప్రయత్నిస్తున్నాను," అన్నాడు ఉమామహేష్ వినయంగా, దుప్పట్లోంచి.

పోతమ్మకి మాత్రం వాచీతో పెద్ద స్నేహం కుదిరింది. "ఇందులో ఒక ఆడగుంట ఉంది బాబూ! మెట్లెక్కినాక 'శభాష్, చాలా కష్టపడ్డారు, కాసేపు కూర్చోండి' అంటాది. ఇన్నాల్ల బతుకులో నన్ను కూకోమన్నది అదొక్కతే," అని మురిసిపోయేది.

పన్నెండో రోజున ఉమామహేష్ ఫోన్లో ఎర్ర అక్షరాలొచ్చాయి. 'మీ గుండె లయ అప్పుడప్పుడు తప్పుతోంది. వెంటనే డాక్టరును కలవండి.' కింద రెండు బొత్తాలు. ఒకటి 'కలుస్తాను', రెండోది 'తర్వాత'. అతను 'తర్వాత' నొక్కాడు. ఎర్ర అక్షరాలు మళ్లీ వచ్చాయి, మళ్లీ నొక్కాడు. మొత్తం పదిహేడుసార్లు! పోతమ్మకి చెబుదామని ఒకసారి అనుకున్నాడు కూడా. చెబితే ఆవిడ భయపడి ఆస్పత్రికని రెండురోజులు మానేస్తుంది. మానేస్తే మెట్లు పడిపోతాయి. నలభై రోజులేగా, తర్వాత చూసుకోవచ్చు! ఈ ముక్క చెప్పేటప్పుడు మనకి నవ్వు రావడం లేదు, కోపమొస్తోంది. ఉమామహేష్‌కి మాత్రం ఎప్పటిలాగే నిద్దరొచ్చింది.

నలభయ్యో రోజు సభకి తొమ్మిదింటికే బయల్దేరాల్సి వచ్చింది. పోతమ్మ ఇంకా రాలేదు. చేతికి రెండో వాచీ ఎలాగూ ఉందని ఉమామహేష్ ధైర్యంగా వెళ్లిపోయాడు. హాల్లో మూడువందలమంది డీలర్లు. ముందు వరసలో అనూరాధ, సెలవు పెట్టుకుని, పట్టుచీరలో.

"మిత్రులారా!" అన్నాడు నవీన్ మైకులో. "ఇప్పుడొక ఆశ్చర్యం! ఉమామహేష్‌గారు మాట్లాడుతుండగా వారి గుండె ఎలా కొట్టుకుంటోందో ఇదే క్షణంలో, ఈ తెరమీద మీరే చూడండి!"

ఉమామహేష్ వెనకనున్న తెర వెలిగింది. నాడి తొంభై ఆరు. అంటే పోతమ్మ మెట్లదగ్గర ఉందన్నమాట. నూట పద్దెనిమిది. రెండో అంతస్తు. నూట నలభై ఒకటి!

"చూశారా, సారు మాటలో ఎంత ఆవేశం!" అన్నాడు నవీన్.

అప్పటిదాకా జేబులో చెయ్యి పెట్టుకుని నింపాదిగా నిలబడ్డ ఉమామహేష్‌కి విషయం బోధపడింది. తెరకి తగ్గట్టు బతకాలి! వెంటనే ఎగరడం మొదలెట్టాడు. "లేవండి! నిద్ర లేవండి!" అని అరిచాడు. డీలర్లు లేచి నిలబడ్డారు. అక్కడ అయిదో అంతస్తులో ఎవరో బేరమాడుతున్నారు కాబోలు, నాడి నూట యాభై రెండుకెక్కింది. ఇక్కడ ఉమామహేష్ టేబులెక్కాడు.

అక్కడ ఆ బేరం ముగిసింది. పోతమ్మ కళ్లు తిరిగి మెట్లమీదే కూలబడింది. చెయ్యి మంటగా ఉంది, వాచీ వేడిగా ఉంది. పాపం ఈ గుంట వేడికి పాడైపోతాదేమో అనుకుంది. నలభై ఏళ్లుగా చేపలమ్మే మనిషికి ఏదైనా పాడవకుండా ఉండాలంటే తెలిసిన దారి ఒకటే. వాచీ విప్పి, ఐసు పెట్టెలో కానాగంత చేపల మధ్యన జాగ్రత్తగా పడుకోబెట్టింది.

తెరమీద ఒంటి వేడి ముప్ఫై నాలుగు, ఇరవై, పది, నాలుగు. నాడి సున్నా. హాలంతా దద్దరిల్లేలా స్పీకర్లలోంచి ఆడపిల్ల గొంతు పలికింది. "అత్యవసరం! ఉమామహేష్‌గారి నాడి అందడం లేదు. దగ్గరున్నవారు సాయం చేయండి!"

"నేను బాగానే ఉన్నానండీ!" అన్నాడు ఉమామహేష్ టేబులుమీంచి.

డీలర్లు అతన్ని చూశారు, తెరని చూశారు, తెరనే నమ్మారు. వెనక వరసలో ఒకాయన లేచి నిలబడి మౌనం కూడా పాటించాడు.

నవీన్ టేబులు దగ్గరికొచ్చి మైకుకి చెయ్యి అడ్డం పెట్టాడు. "సార్, మీరు బతికున్నారంటే మా వాచీ చచ్చినట్టే."

"మరి నన్నేం చెయ్యమంటావ్?"

"హోర్డింగు కావాలా, వద్దా?"

ఉమామహేష్ కిందికి చూశాడు. తివాచీ మెత్తగానే ఉంది. దిగి, గుండెమీద చెయ్యేసుకుని పడుకున్నాడు. పడుకోవడంలో అతనికున్న అనుభవం ఆ రోజు చక్కగా పనికొచ్చింది.

ఆస్పత్రిలో అన్ని పరీక్షలూ చేశారు. గుండె ఉక్కులా ఉంది. డాక్టరు తల గోక్కున్నాడు. నవీన్ నలభై రోజుల కాగితాలు ముందు పెట్టాడు. లయ తప్పడం పదిహేడుసార్లు, 'తర్వాత' నొక్కడం పదిహేడుసార్లు, గుండె ఆగడం ఒకసారి.

"మనిషి బాగానే ఉన్నాడు, డేటానే బాగాలేదు," అన్నాడు డాక్టరు గంభీరంగా. "చేతి నరంలోంచి గుండెలోకి గొట్టం పంపి చూస్తాం. సంతకం పెట్టండి."

ఉమామహేష్‌కి ఆ రోజు మొదటిసారిగా సొంత చెమట పట్టింది. నిజం చెబితే గొట్టం తప్పుతుంది, మొహమూ పోతుంది. అనూరాధ ఆ కాగితాలు తీసుకుని మొదటినుంచీ చదివింది.

"మూడున్నరకి లేచిందెవరు?"

ఉమామహేష్ దుప్పటి మెడదాకా లాక్కున్నాడు.

"రోజుకి ఆరొందల మెట్లు ఎక్కిందెవరు? ఏటి, మాటాడవేం? ఈ గుండె ఎవరిది?"

"పోతమ్మది," అన్నాడు ఉమామహేష్.

"పదిహేడుసార్లు 'తర్వాత' అని నొక్కిందో?"

అతను గోడవైపు తిరిగాడు. అనూరాధ ఆ కాగితాలు అతని మంచంమీదికి విసిరేసింది. బయటికి నడిచింది. డాక్టరుకి చెప్పి గొట్టం తప్పిస్తుందేమోనని అతను ఆశపడ్డాడు. ఆవిడ ఆటో ఎక్కి పోతమ్మ కోసం వెళ్లింది. నవీన్ పెన్ను మూత తీసి అందించాడు. ఉమామహేష్ సంతకం పెట్టాడు.

మర్నాడు అదే ఆస్పత్రిలో కౌంటరు దగ్గర పోతమ్మని, "పాత రికార్డులేమైనా ఉన్నాయా?" అని అడిగారు. ఉన్నాయి. నలభై రోజుల గుండెచప్పుడు, ఒక్క నిమిషం తేడా లేకుండా, వేరేవాళ్ల పేరుమీద! అవి పనికిరావన్నారు. మొదటినుంచీ పరీక్షలు చేసి, ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని, మందులు రాసి, బరువులు మొయ్యొద్దు, మెట్లెక్కొద్దు అన్నారు. అనూరాధ ఇంటికెళ్లి లిఫ్టు పక్కన నోటీసు చింపేసింది. ఆ తర్వాత పోతమ్మని కూర్చోబెట్టి జరిగిందంతా దాచకుండా చెప్పింది.

ఉమామహేష్ గుండెలోకి వెళ్లిన గొట్టానికి అక్కడ ఏమీ దొరకలేదు. అయినా కంపెనీ మాట నిలబెట్టుకుంది. మూడునెలలపాటు అతను ఉదయం తొమ్మిదికి ముందు లేవరాదని ఒప్పందంలో కొత్త షరతు కూడా చేర్చింది. నిద్రపోతున్న అతని నిజమైన లెక్కలు ఇప్పుడు రోజూ లోకమంతా చూసి, ఎంత ధైర్యంగా కోలుకుంటున్నాడో అని కళ్లు తుడుచుకుంటోంది.

గాజువాక జంక్షన్లో హోర్డింగ్ లేచింది. నలభై అడుగులు! 'ఈ గుండెను కాపాడింది ప్రాణవాచ్!' ఆస్పత్రి మంచం, మూసిన కళ్లు, ముక్కూ నోరూ గడ్డం కప్పేస్తూ ఆక్సిజన్ మాస్కు, మాస్కు తాళ్ల కింద రెండు చెవులూ.

మొదటిరోజు పొద్దున్నే, అంటే పదిన్నరకి, ఉమామహేష్ ట్రాక్ సూటు వేసుకుని దానికింద నిలబడ్డాడు. ఎవరైనా పైకి చూసి తనని చూస్తారని గంటసేపు ఎదురుచూశాడు. ఎవరూ గుర్తుపట్టలేదు. ఆ హోర్డింగ్ నీడలోనే ముక్కాలిపీట వేసుకుని, పక్కన ఐసు పెట్టె పెట్టుకుని పోతమ్మ కూర్చుంది. ఇప్పుడు మెట్లెక్కదు, కావలసినవాళ్లే వచ్చి కొనుక్కుంటున్నారు.

చేపలకొచ్చిన ఒకావిడ తలెత్తి పైకి చూసింది. "ఎవరమ్మా ఆ మూత పెట్టుకున్నాయన? పోయేడేటి?"

పోతమ్మ పక్కన నిలబడ్డ ఉమామహేష్ వైపు ఒకసారి చూసింది. అతను ఆశగా జుట్టు సర్దుకున్నాడు.

"మొకం ఎవులిదో నాకు తెల్దమ్మా," అంది పోతమ్మ, కానాగంతల మీద ఐసు పక్కకి తోస్తూ. "గుండెకాయ మాత్రం నాదే. ఎన్నిమ్మంటావు?"