గుత్తుల కోమలి ఊపిరి వేళలు

ఇన్సులిన్ సూదులు మానేసి మందును ఊపిరితో పీల్చడం మొదలుపెట్టిన పదకొండో రోజున, గుత్తుల కోమలి వదిలిన గాలికి పక్కవాటాలో ఉండే చక్రధరం గారి షుగరు రెండు వందల నలభై నుంచి నూట ఇరవైకి దిగింది. అప్పుడాయన మెట్ల దగ్గర నిలబడి ఆవిడతో కరెంటు కోత గురించి మాట్లాడుతున్నారు. మర్నాడు ఆయన భార్య వచ్చి నిలబడింది. ఆ మర్నాడు భార్య చెల్లెలు వచ్చింది. వారం తిరిగేసరికి కాలవగట్టు పక్కనున్న ఆ వీధి వీధంతా మధ్యాహ్నం భోజనం చేసి కోమలి వాకిట్లో కూర్చోవడానికి అలవాటు పడింది. ఇందులో ఎవరికీ వింత కనిపించలేదు. కుళాయి ఏ వేళకి వస్తుందో తెలిసినట్టే ఆవిడ ఊపిరి వేళలూ తెలిశాయి.

కోమలికి ఇరవై నాలుగేళ్లు. తొమ్మిదో తరగతిలో షుగరు బయటపడింది, చదువు అక్కడితో ఆగింది. పదేళ్లపాటు రోజుకి నాలుగు సూదులు. చివరికి డాక్టరు గారు గొట్టంలో ఊదించి చూసి, ఊపిరితిత్తులు బాగున్నాయని రాసి, పీల్చే మందు ఇచ్చారు. ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఈలంత పరికరాన్ని పెదాల మధ్య పెట్టుకుని ఒక్కసారి పీలిస్తే చాలు. కాస్త దగ్గు వస్తుంది. రాత్రి వేసుకునే ఒక్క సూది మాత్రం మిగిలింది. పొట్ట మీద సూదులకి గట్టిపడ్డ చోట్లు మెత్తబడ్డాయి. రెండేళ్ల కూతురు జోషిత ఇక అక్కడ తల పెట్టుకుని పడుకోవచ్చని కోమలి సంబరపడింది.

ఆ సంబరం పదిహేనో రోజు పొద్దున దాకా ఉంది. వేడి పప్పన్నం ఉఫ్ ఉఫ్ అని ఊది పెడితే, మూడో ముద్దకి పిల్ల చెమటలు పట్టి తోటకూర కాడలా వాలిపోయింది. వేలు గుచ్చి చూస్తే నలభై ఎనిమిది. నోట్లో పంచదార నీళ్లు పోశాక లేచి కూర్చుంది.

వార్డు కార్యాలయం నుంచి గుమాస్తా నాగరత్నం టేపు తెచ్చి వాకిలి కొలిచి, సుద్దతో మూడు గీతలు గీసింది. రెండు వందలు దాటినవాళ్లు అడుగు దూరంలో కూర్చోవాలి. నూట యాభై దాటినవాళ్లు రెండడుగుల్లో. షుగరు లేనివాళ్లు మూడడుగుల లోపలికి రాకూడదు. జోషితకి షుగరు లేదు కాబట్టి ఆ పిల్ల మూడో గీతకి అవతలి మనిషి.

"మరి దాన్ని ఎత్తుకోవద్దాండీ?" అంది కోమలి.

"ఎత్తుకోవద్దని ఎవరన్నారమ్మా? ఊపిరి వదలకుండా ఎత్తుకో," అంది నాగరత్నం టేపు చుట్టుకుంటూ.

కోమలి మూతికి గుడ్డ కట్టుకుంది. గుడ్డ వల్ల సరఫరా తగ్గుతోందని వీధివాళ్లు అర్జీ పెట్టారు. గుడ్డ తీయించారు. దగ్గుకి రెండింతల గుణం ఉందని తేలాక, దగ్గొచ్చే ముందు ఒక మాట చెప్పమన్నారు. నిట్టూర్పులు పొడుగ్గా ఉంటాయి గనుక వాటిని ఇంట్లో వృథా చేయకుండా వాకిట్లోకి వచ్చి విడవాలని నోటీసు అంటించారు. పెళ్లిళ్లకి పిలుపులొచ్చాయి. మడతకాజా వడ్డించే వరస చివర కుర్చీ వేసి, ఆవిడ వెనక ఫ్యాను పెట్టేవారు.

"మా కోమలి ఉండగా మనకేంటండి! ఇంకోటి వెయ్యండి," అనేవారు చక్రధరం గారు, మొహం ఆవిడ వైపు తిప్పి తింటూ.

భర్త దొరబాబు పాలవ్యాను నడుపుతాడు. షుగరు లేని మనిషి. "పెళ్లాంతో పోట్లాడాలన్నా జేబులో బెల్లంముక్క ఉండాల్సొచ్చింది నా బతుక్కి. నువ్వు అరిచేకొద్దీ నాకు కళ్లు తిరుగుతున్నాయే," అనేవాడు. పిల్లకి ముద్దలు తనే పెట్టి, గీత అవతల తల్లికి కనబడేలా పడుకోబెట్టేవాడు. కోమలి గీత దగ్గర కూర్చునేది. పిల్ల కదిలిందా లేదా చూసి, లోపలికెళ్లి పొయ్యి ఆపిందో లేదో చూసి, మళ్లీ వచ్చి పిల్లని చూసి, మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లేది.

నెల గడిచాక పాత సూదులకే మారిపోతానని దరఖాస్తు రాసుకుని కార్యాలయానికి వెళ్లింది. పీల్చడం మానేస్తే మూడు రోజుల్లో ఊపిరి మామూలైపోతుందని డాక్టరు గారు చెప్పారు.

నాగరత్నం దాన్ని రెండుసార్లు చదివింది. "కారణం ఏమని రాశావ్? 'మా పాపని పక్కలో పడుకోబెట్టుకోడానికి.' ఇది కారణాల్లో లేదమ్మా."

"రోజుకి నాలుగు కాదండీ, పది పొడుచుకుంటాను. నాకేం బాధ లేదండీ."

"నీకు లేదు, సరే. నీ మీద అరవై రెండు మందున్నారు. మాత్రలు మానేశారు. చక్రధరం గారైతే నడక కూడా మానేశారు. వాళ్లేమైపోవాలి?"

"పిల్లకి నేనొక్కదాన్నేనండీ."

"పిల్లా ఒక్కతేగా? అరవై రెండు ఎక్కువా, ఒకటి ఎక్కువా? తొమ్మిది దాకా చదివావు, నువ్వే చెప్పు."

దరఖాస్తును పూర్తిగా తోసిపుచ్చలేదు. కోమలి ఊపిరి ఎంతసేపు బిగబట్టగలదో గడియారం పెట్టి చూశారు. ముప్పై ఎనిమిది సెకన్లు. రోజుకి నాలుగుసార్లు, సారికి ముప్పై ఎనిమిది సెకన్ల చొప్పున పిల్లని ఎత్తుకోవచ్చని అనుమతి పత్రం ఇచ్చారు. సాధన చేసి పెంచుకుంటే పత్రం సవరిస్తామన్నారు.

కోమలి సాధన చేసింది. అంట్లు తోముతూ బిగబట్టింది, బట్టలు ఆరేస్తూ బిగబట్టింది. కార్తీకం వచ్చేసరికి యాభై ఒకటికి చేరింది. ఆ కాస్తలో పిల్లకి తల దువ్వి ఒక పిలక వేయొచ్చు. లేదా ముద్దు పెట్టుకుని రెండు గోళ్లు తీయొచ్చు. రెండూ కుదరవు. పాట అసలు కుదరదు, దానికి ఊపిరి కావాలి.

ఒక మధ్యాహ్నం వాకిలి నిండా జనం ఉండగా, కోమలి గుండెల నిండా గాలి పీల్చి, బిగబట్టి, గీత దాటి వెళ్లి పిల్లని ఎత్తుకుంది. జోషిత నవ్వలేదు, చేతులు మెడకి చుట్టలేదు. బుగ్గలు పూరీల్లా ఉబ్బించి, పెదాలు గట్టిగా మూసుకుని, తల్లి కళ్లలోకి చూస్తూ ఉండిపోయింది. పిల్ల మొహం ఎర్రబడుతోంది. కోమలి ఇరవై దాటగానే దింపేసింది. కాళ్లు నేలకి ఆనగానే పిల్ల గాలి వదిలింది.

"చూశారా, తనూ బిగబట్టేసింది!" అంది చక్రధరం గారి భార్య. "ఆడపిల్ల కదండీ, ఒకరు చెప్పక్కర్లేదు."

అందరూ ముచ్చటపడ్డారు. తనిఖీకి వచ్చిన నాగరత్నం పత్రంలో తల్లి పేరు కింద పిల్ల పేరు కూడా చేర్చి, ఎదురుగా ఇరవై రెండు సెకన్లు అని రాసింది. "ఈ వయసుకి ఇది ఎక్కువేనమ్మా. నీకంటే ముందుకెళ్తుంది."

"ఆయ్, అండీ," అంది కోమలి. వెళ్లి తన చోట కూర్చుంది. అడుగు దూరంలో ఉన్నాయన అప్పటికే మొహం ముందుకు పెట్టి కళ్లు మూసుకున్నాడు. ఆవిడ ఊపిరి వదిలింది.