సిగరెట్ నేర్పిన సద్గుణాలు

మీసాలు కూడా సరిగ్గా రాని కొడుకు సిగరెట్ మొదలుపెట్టాడంటే, ఆ తల్లిదండ్రులు అదృష్టవంతులని నా నిశ్చితాభిప్రాయం. కోప్పడకండి! నేను చెప్పేది పూర్తిగా విని, ఆ తర్వాత తీరిగ్గా తిట్టండి.

మావాణ్ణే తీసుకోండి. మొన్నమొన్నటిదాకా స్నానం చెయ్యరా అంటే ఉరిశిక్ష వేసినట్టు చూసేవాడు. ఇప్పుడు సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టగానే ఎవరూ చెప్పకుండానే నేరుగా బాత్రూంలోకి వెళ్తాడు. పళ్ళు తోముకుంటాడు. తన చొక్కా తనే ఉతుక్కుంటాడు! వాడి గది కిటికీలు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటాయి. వానజల్లుకి పుస్తకాలు తడిసిపోతున్నా సరే, స్వచ్ఛమైన గాలి కావాలంటాడు. ఇంత శుభ్రత వాళ్ళమ్మ ఇన్నేళ్ళూ గొంతు చించుకుని నేర్పగలిగిందా?

ఇక వినయమంటారా? పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు బారెడు దూరంలో నిలబడి, మొహం పక్కకి తిప్పి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. వాళ్ళ పెద్దమ్మ చూసి మురిసిపోయింది. "ఈ కాలంలో ఇంత మర్యాద తెలిసిన పిల్లాడు ఎక్కడున్నాడే!" అని కళ్ళు తుడుచుకుంది. అవి ఆనందబాష్పాలో, వాడు కుమ్మరించుకున్న సెంటు ఘాటో చెప్పలేను.

సోదరభావం మాటేమిటి? టీవీ రిమోట్ కోసం అన్నదమ్ములు జుట్లు పట్టుకునే రోజుల్లో, ఒకే ఒక్క సిగరెట్‌ని నలుగురు కుర్రాళ్ళు వంతులవారీగా, చిన్న మాటపట్టింపు కూడా లేకుండా పంచుకుంటున్నారు. దేశాధినేతలు వచ్చి చూసి నేర్చుకోవాల్సిన విషయం కాదూ!

అయితే అప్పటికి ఈ సద్గుణాల వెనక ఉన్న గురువెవరో నాకు తెలీదు. అదంతా నా పెంపకమే అనుకుని కాలర్ ఎగరేసుకుని తిరిగేవాణ్ణి. నా పెంపకంలో లోటేముంది లెండి? "సిగరెట్ ముట్టుకున్నావో, కాళ్ళు విరగ్గొడతా!" అని వాడికి చిన్నప్పట్నుంచీ చెబుతూనే ఉన్నాను. బాల్కనీలో నిలబడి, పొగ వాడి మీదికి పోకుండా అవతలికి ఊదుతూ మరీ చెప్పాను. తండ్రి అన్నాక ఆ మాత్రం జాగ్రత్త ఉండాలి కదా!

ఇంతలో స్కూలు బాత్రూంలో సిగరెట్ పీకలు దొరికాయట. పిల్లల పొగ అలవాటు గురించి మీటింగ్ పెట్టి తల్లిదండ్రుల్ని రమ్మన్నారు. పైగా నేను పత్రికలో రాసేవాణ్ణి కాబట్టి నాలుగు మంచి మాటలు చెప్పాలట.

"మీరే వెళ్ళండి. ముందు ఆ జేబులో ప్యాకెట్ తీసెయ్యండి, చూసినవాళ్ళు నవ్విపోతారు" అంది మా ఆవిడ.

తీసేశాను. చొక్కా జేబులోంచి తీసి ప్యాంటు జేబులో పెట్టుకున్నాను. ఆ కంగారులో అగ్గిపెట్టె టేబుల్ మీదే ఉండిపోయింది.

మీటింగ్‌లో దంచేశాను! "పిల్లలు మన మాట వినరు, మనల్ని చూస్తారు!" అని బల్ల గుద్ది చెప్పాను. హాలు చప్పట్లతో మారుమోగింది. ప్రిన్సిపాల్ మేడం స్వయంగా వచ్చి మంచినీళ్ళిచ్చారు. తర్వాత టీకి విరామం అన్నారు.

అంత గొప్పగా మాట్లాడాక ఏ మనిషికైనా ప్రాణం లాగదూ? అందరూ టీ కప్పుల చుట్టూ మూగితే నేను మెల్లగా స్కూలు వెనక్కి జారుకున్నాను. సిగరెట్ నోట్లో పెట్టుకున్నాక గుర్తొచ్చింది, అగ్గిపెట్టె లేదని. చూస్తే ప్రహరీగోడ అవతల సన్నగా పొగ లేస్తోంది. ఎవరో పాపం టీచరై ఉంటారు, వాళ్ళకీ ప్రాణం లాగుతుంది కదా!

"మాస్టారూ, కాస్త అగ్గిపెట్టె ఇస్తారా?" అన్నాను, నోట్లో సిగరెట్ తియ్యకుండానే.

గోడ మీదుగా ఒక చెయ్యి లైటర్ పట్టుకుని వచ్చింది. దాంతోపాటు, మావాడి పుట్టినరోజుకి నేను కొనిచ్చిన వాచీ కూడా వచ్చింది.

గోడకి కాస్త పక్కన ఇటుకలు ఊడి సందుంది. అక్కడికి వెళ్ళి చూశాను. వాడి నోట్లో సిగరెట్. నా నోట్లో సిగరెట్. ఎవరి కాళ్ళు ముందు విరగ్గొట్టాలో నాకు తోచలేదు.

వాడే ముందు మాట్లాడాడు.

"నువ్వు మాట్లాడింది కిటికీ దగ్గర నిలబడి విన్నాను నాన్నా. బాగా చెప్పావు."

వెక్కిరింపేమో అని వాడి మొహంలోకి చూశాను. కాదండీ. మనస్ఫూర్తిగానే అన్నాడు. నాకు అక్కడే తల దించుకోవాలనిపించింది.

అంతలో వాడికి దగ్గొచ్చింది. ముందు పొట్టిగా, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు. కాసేపాగి ఇంకోటి, పొడుగ్గా, వొంగిపోయి. ఆఖర్న గొంతు సవరించుకోవడం. రోజూ పొద్దున్నే వాష్‌బేసిన్ పట్టుకుని నేను దగ్గే దగ్గు అది. ఒక్క మెలిక కూడా తేడా లేదు.

వీడికి నీ పోలిక ఒక్కటీ రాలేదని మా చుట్టాలు నన్ను ఆటపట్టిస్తూ ఉంటారు. ముక్కు వాళ్ళమ్మది, రంగు వాళ్ళమ్మది, ఆఖరికి నడక కూడా వాళ్ళమ్మదేనట. ఎన్నిసార్లు ఉడుక్కున్నానో!

పూర్తిగా వాళ్ళమ్మ పోలికే వచ్చి ఉంటే ఎంత బాగుండేది.