ఒత్తిడిలో నూటికి ఆరు

ఒకటో తారీఖు సోమవారం ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు పాఠశాల నోటీసు బోర్డు మీద కొత్త కాగితం కనిపించింది. తొమ్మిదో తరగతి విద్యార్థులందరికీ ఆ రోజు నుంచి ‘ఒత్తిడి నివారణ’ తప్పనిసరి సబ్జెక్టు. వంద మార్కులు. పాస్ కావాలంటే ముప్పయ్యయిదు రావాలి. వారానికో చిన్న పరీక్ష, నెలకో పెద్ద పరీక్ష, ఏడాది చివర అన్నిటికంటే పెద్ద పరీక్ష.

కారణం కూడా కాగితంలోనే రాశారు. అంతకు నెల ముందు పాఠశాల ఒక సర్వే చేయించింది. పిల్లలు ఒత్తిడిలో ఉన్నారని తేలింది. ఎందుకని అడిగితే సబ్జెక్టులు ఎక్కువని, పరీక్షలు ఎక్కువని, ఆడుకోవడానికి టైము లేదని పిల్లలు రాసిచ్చారు. ఈ సమాధానాలను ఏడుగురు సభ్యుల కమిటీ మూడు సమావేశాల్లో పరిశీలించి, ఒత్తిడి మీద ఒక సబ్జెక్టు లేకపోవడమే ఒత్తిడికి కారణమని ఏకగ్రీవంగా తేల్చింది. కమిటీలో పిల్లలెవరూ లేరు. సమావేశాల సమయంలో వాళ్ళకు పరీక్షలున్నాయి.

టైంటేబుల్లో కొత్త సబ్జెక్టుకు చోటు వెతికితే ఆటల పీరియడ్ దొరికింది. పాఠ్యపుస్తకం మూడువందల పన్నెండు పేజీలు, వర్క్‌బుక్ వేరు. ఈ రెండూ సంచిలో మోయడం వల్ల వచ్చే భుజాల నొప్పిని గురించి తొమ్మిదో పాఠంలో వివరంగా ఉంది. బోధించే బాధ్యత లెక్కల మాస్టారికి అప్పగించారు. ఆ పీరియడ్‌లో ఆయనకు వేరే క్లాసు లేదు. ఇతర అర్హతలు అడగలేదు. మొదటి రోజు ఆయన ఊపిరి పీల్చడం నేర్పారు. నాలుగు అంకెలు లెక్కపెడుతూ లోపలికి, నాలుగు అంకెలు ఆపి, ఆరు అంకెలు బయటికి. స్టెప్పులు రాయకుండా ఊపిరి వదిలిన వాళ్ళకు సగం మార్కులే వేశారు. పక్కవాళ్ళను చూసి పీల్చిన ఇద్దరిని బయట నిలబెట్టారు.

మూడో బెంచీలో ఒక అమ్మాయి ఉంది. పద్నాలుగేళ్ళు. స్కూలు బ్యాండులో పెద్ద డ్రమ్ము వాయిస్తుంది కాబట్టి అందరూ ఢమఢమ అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో మాత్రమే వాడుకలో ఉంది. రెండేళ్ళు బ్యాండు వెనక వరుసలో జెండా పట్టుకుని నడిచి, ఈ ఏడే డ్రమ్ము దాకా వచ్చింది. రోజూ సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు వరకు ప్రాక్టీసు. ఇరవై ఎనిమిదో తారీఖున పదమూడు స్కూళ్ళ బ్యాండ్లకు పోటీ. పెద్ద డ్రమ్ము ఒక్క దెబ్బ ఆలస్యమైతే వెనకున్న ఇరవై రెండు మంది కాళ్ళు తడబడతాయి. ఢమఢమకు ఆ నెలలో వేరే ఆలోచన లేదు.

మంగళవారం అందరికీ ఒత్తిడి కొలిచే ఫారం ఇచ్చారు. నలభై ప్రశ్నలు. ‘రేపటి పరీక్షను తలుచుకుంటే కడుపులో ఏమవుతుంది?’ అన్న చోట ఢమఢమ ‘ఆకలి’ అని రాసింది. మొత్తం కూడితే నూటికి ఆరు వచ్చింది. ఆ ఆరూ పోటీలో బాకా ఊదేవాడు శ్రుతి తప్పుతాడేమోనన్న భయానివి.

మార్కులు వేసే పద్ధతిని లెక్కల మాస్టారు బోర్డు మీద రాసి చూపించారు. ఇప్పటి ఒత్తిడిలోంచి నెలాఖరు ఒత్తిడి తీసివేయాలి. మిగిలింది మార్కు. తెలివైన పిల్లలకు ఇంతకంటే వివరించనక్కర్లేదు. ఫస్టు ర్యాంకు అమ్మాయి అప్పటికే తొంభై ఎనిమిది తెచ్చుకుంది. ఆ రెండు ఎక్కడ పోయాయో తెలుసుకోవడానికి వాళ్ళ నాన్న ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చాడు.

“ఆరులోంచి ముప్పయ్యయిదు ఎలా తీస్తావమ్మా?” అన్నారు మాస్టారు ఢమఢమను నిలబెట్టి.

“తీయలేం సార్.”

“మరి? సున్నాకు దిగినా నీకొచ్చేది ఆరే. నువ్వు మొదటి రోజే ఫెయిలయిపోయావు తల్లీ. నా సర్వీసులో ఇంత త్వరగా ఎవరూ ఫెయిలవలేదు.”

ఫెయిలయ్యే అవకాశమున్న వాళ్ళకు స్పెషల్ క్లాసు పెట్టారు. సమయం నాలుగున్నర నుంచి ఆరు. దాంతో ఢమఢమకు మొదటిసారి కడుపులో ఆకలి కానిదేదో తెలిసింది. అయితే ఫారం అప్పటికే ఇచ్చేసింది.

బుధవారం పదకొండింటికి తల్లిదండ్రులను పిలిపించారు. అమ్మ రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. నాన్న లిఫ్టులు బాగుచేస్తాడు. ఇద్దరూ పర్మిషన్ పెట్టి వచ్చారు. ప్రిన్సిపాల్ మేడమ్ ఫైలు తెరిచింది.

“మీ అమ్మాయికి ఒత్తిడి లేదండీ.”

“థాంక్స్ మేడమ్,” అంది అమ్మ.

“నేను మెచ్చుకోవడం లేదమ్మా. ఈ వయసులోనే ఒత్తిడి లేకపోతే రేపు పెద్ద క్లాసుల్లో ఏం తట్టుకుంటుంది? ఒత్తిడంటూ ఉంటే తగ్గించడానికి మేమున్నాం. అసలు లేనిదాన్ని ఏం చేయమంటారు?”

“బాగా నడుస్తున్న లిఫ్టును మేం ముట్టుకోం మేడమ్,” అన్నాడు నాన్న.

“అందుకే లిఫ్టులకు ర్యాంకులు రావు.”

మేడమ్ ఒక అవకాశం ఇచ్చింది. వారం గడువు. వచ్చే బుధవారం ఫారం మళ్ళీ నింపొచ్చు. ఈలోగా ఇంట్లో కాస్త శ్రద్ధ పెట్టాలి.

“అప్పటిదాకా ప్రాక్టీసుకు వెళ్ళొచ్చా మేడమ్?” అని అడిగింది ఢమఢమ.

“వెళ్ళు. కానీ ఈ విషయం మనసులో పెట్టుకుని వాయించు.”

ఆ సాయంత్రమే ఇంట్లో శ్రద్ధ మొదలైంది. పళ్ళు తోముకుంటుంటే, అన్నం తింటుంటే, బూట్లు విప్పుతుంటే ‘పెద్దయ్యాక ఏమవుతావు?’ అని అడగడం అమ్మ వంతు. ‘ఇలా అయితే నీ గతేంటి?’ అనడం నాన్న వంతు. నాన్న రెండుసార్లు అని, మూడోసారి నవ్వేశాడు. ఆయన్ను తప్పించి ఆ బాధ్యత అమ్మమ్మకు ఇచ్చారు. తనొక్కతే ఎందుకని అమ్మమ్మ బంధువులందరికీ ఫోన్లు చేసింది.

బంధువులకు శిక్షణ అవసరం రాలేదు. మేనమామ ఫోన్ ఎత్తగానే మార్కులడిగాడు. పెద్దమ్మ మొటిమల గురించి, పొడవు గురించి, తన కొడుకు పొడవు గురించి మాట్లాడింది. బాబాయి ‘నీ వయసులో నేను’ అని మొదలుపెట్టి నలభై ఏడు నిమిషాలు మాట్లాడాడు. ఆ వయసులో ఆయన ఏం చేశాడో ఫోన్ పెట్టేసేటప్పటికి తేలలేదు. ఇదంతా ఎందుకని వాళ్ళలో ఎవరూ అడగలేదు. మామూలుగా చేసే ఫోను కంటే ఇందులో తేడా ఏమీ వాళ్ళకు కనిపించలేదు.

అమ్మ రోజుకు రెండుసార్లు నమూనా ఫారం నింపించింది. శుక్రవారం ఉదయం పంతొమ్మిది, సాయంత్రం ఏడు. శనివారం ఉదయం ఇరవై నాలుగు, సాయంత్రం ఆరు. ల్యాబులో పనిచేసే మనిషి కాబట్టి గ్రాఫ్ గీసింది. ఎక్కిందంతా నాలుగున్నరకూ ఆరుకూ మధ్య దిగిపోతోంది. ఆ గ్రాఫ్‌ను సోమవారం స్కూలుకు తీసుకెళ్ళింది. లెక్కల మాస్టారు కళ్ళజోడు సవరించుకుని చూశారు.

“లీకేజీ ఉందమ్మా,” అన్నారు. “మీరు ఇంట్లో ఇంత కష్టపడి ఎక్కిస్తుంటే ఇక్కడ డ్రమ్ము మీద కొట్టి పారబోస్తోంది.”

ఆ మధ్యాహ్నమే పెద్ద డ్రమ్మును స్టోరు గదిలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి మేడమ్ సొరుగులో చేరింది. బ్యాండు మాస్టారు చప్పట్లు కొడుతుంటే బ్యాండు నడిచింది. ఢమఢమ స్పెషల్ క్లాసు కిటికీలోంచి చూసింది. మాస్టారి చప్పట్లు ప్రతి నాలుగో అడుగుకు ఆలస్యమవుతున్నాయి. ఆమె బల్ల మీద వేళ్ళతో సరిచేసింది. చేతులు కట్టుకోమన్నారు.

సోమవారం రాత్రి అన్నంలో సగం వదిలేసింది. మంగళవారం అమ్మమ్మ మీద అరిచి, తర్వాత దుప్పటి ముసుగేసుకుని ఏడ్చింది. బుధవారం బాబాయి ఫోన్ చేస్తే మాట్లాడనంది. అదే రోజు ఫారం నింపింది. ఎనభై ఎనిమిది.

స్కూల్లో రెండో స్థానం. అమ్మ చెప్పాక నాన్న బంధువులందరికీ ఫోన్లు చేశాడు. “మన వంశంలో ఎనభై దాటినవాళ్ళు లేరు,” అని అమ్మమ్మ మెట్ల దగ్గర కనిపించిన వాళ్ళందరికీ చెప్పింది. మంచి పురోగతి సాధించిన విద్యార్థిగా ఢమఢమ ఫొటో నోటీసు బోర్డు మీద పెట్టారు. ఫొటోలో కళ్ళకింద నల్లటి చారలు కూడా స్పష్టంగా వచ్చాయి.

“ఇప్పుడు డ్రమ్ము ఇస్తారా మేడమ్?”

“ఇంత ఒత్తిడి పెట్టుకుని డ్రమ్మేంటమ్మా? ముందు తగ్గించుకో. నాలుగో పాఠం బాగా చదువు.”

ఆమె నాలుగో పాఠం చదివింది. అయిదోది కూడా చదివింది. ‘ప్రశాంతత – అయిదు లక్షణాలు’ చూడకుండా అప్పజెప్పింది. రెండున్నర వారాల్లో ఎనభై ఎనిమిది కాస్తా తొంభై ఒకటైంది. పోటీకి బ్యాండు పేరు పంపడానికి గడువు ఇరవై ఏడు సాయంత్రం అయిదింటి వరకు. డ్రమ్ము లేకపోతే పేరు పంపనని బ్యాండు మాస్టారు చెప్పేశారు.

ఇరవై ఏడు శనివారం ఉదయం పదింటికి పరిశీలకుడు వచ్చాడు. పై ఆఫీసు నుంచి వచ్చిన మనిషి. ఆయనకు మేడమ్ ముప్పయి నిమిషాల స్వాగతోపన్యాసం చేసింది. “ఒత్తిడి మన పిల్లల జన్మహక్కు. దాన్ని గుర్తించి, పెంచి, పోషించి, ఆపై శాస్త్రీయంగా తగ్గించే తొలి విద్యాసంస్థ మనదని వినమ్రంగా మనవి చేసుకుంటున్నాను,” అంది. చప్పట్లు కొట్టారు. తగ్గించి చూపించమని పరిశీలకుడు అడిగాడు. మేడమ్ ఢమఢమను పిలిచింది. నాలుగు అంకెలు లోపలికి, నాలుగు ఆపి, ఆరు బయటికి. ఫారం నింపితే తొంభై రెండు. పరిశీలకుడు మరో ఫారం తీసుకున్నాడు. ఆయనకు పన్నెండింటికి ఇంకో స్కూలుంది.

“ఏం చేస్తే తగ్గుతుందమ్మా నీకు?” అన్నాడు గడియారం చూసుకుంటూ.

ఫారంలోని నలభై ప్రశ్నల్లో ఈ ప్రశ్న లేదు. ఇంట్లో కూడా ఎవరూ అడిగి ఉండలేదు. ఢమఢమ మేడమ్ వైపు చూసింది, మాస్టారి వైపు చూసింది.

“డ్రమ్ము సార్.”

సొరుగు తెరిచారు. డ్రమ్ము తెచ్చారు. పట్టీ భుజాన వేసుకుని పన్నెండు నిమిషాలు వాయించింది. కారిడార్లో పిల్లలు చేరారు. లెక్కల మాస్టారు సుద్దముక్క చేత్తో పట్టుకుని ఉన్నచోటే నాలుగు నిమిషాలు కవాతు చేశారు. ఆ సంగతి ఎవరో చెప్పేదాకా ఆయనకు తెలియదు. ఫారం మళ్ళీ నింపారు. అయిదు. ఎనభై ఎనిమిదిలోంచి అయిదు పోతే ఎనభై మూడు మార్కులు. స్కూలు ఫస్టు.

నాలుగూ నలభైకి బ్యాండు పేరు పంపారు. మర్నాడు పోటీలో మూడో స్థానం వచ్చింది. బాకా రెండుసార్లు శ్రుతి తప్పింది. కాళ్ళు మాత్రం ఒక్కసారి కూడా తడబడలేదు.

పరిశీలకుడి నివేదిక పది రోజుల్లో వచ్చింది. ఒత్తిడి తగ్గించడంలో డ్రమ్ము ఫలితమిస్తోందని అందులో ఉంది. ఏడుగురు సభ్యుల కమిటీ మళ్ళీ కూర్చుంది. ఈసారి ఒక్క సమావేశంతోనే పని పూర్తయింది. ‘డ్రమ్ము’ తప్పనిసరి సబ్జెక్టు. థియరీ డెబ్భై, ప్రాక్టికల్ ముప్పయి. డ్రమ్ము పటం గీసి భాగాలు గుర్తించాలి. ప్రాక్టికల్ పరీక్ష దాకా పాడవకుండా ఉండాలని డ్రమ్మును అద్దాల బీరువాలో పెట్టారు. బ్యాండు గదిలో కోచింగ్ బ్యాచ్‌లు మొదలవుతాయని ప్రకటించారు.

సీట్ల కోసం ఉదయం ఆరింటికే క్యూ. నాన్నది నూట నలభై మూడో నంబరు. పదిన్నరకు కౌంటరు దగ్గరికి చేరాడు.

“మా అమ్మాయికి డ్రమ్ము వచ్చండీ. ఈ స్కూలు డ్రమ్ము వాయించేది తనే.”

క్లర్కు తల ఎత్తాడు. “ముందే వచ్చా? అయితే కష్టం సార్. మొదట్నుంచీ సరిచేయాలి. ఫౌండేషన్‌లో వేయండి. నాలుగున్నర నుంచి ఆరు, థియరీ ఒక్కటే.”

సాయంత్రం నాన్న ఈ సంగతి చెప్పాడు. ఢమఢమ అటక మీదున్న రెండు కర్రలు తీసుకుని మేడ మీదికి వెళ్ళిపోయింది. అక్కడ నీళ్ళ కోసం కొని వాడకుండా వదిలేసిన ప్లాస్టిక్ పీపాలు మూడున్నాయి. అయిదూ పదికి చప్పుడు మొదలైంది.

“వెళ్ళి ఆపండి. మొదటి పాఠం చదువుకోమని చెప్పండి,” అంది అమ్మ.

నాన్న వెళ్ళాడు. అయిదూ ఇరవైకి చప్పుడు రెండింతలైంది. అమ్మ మెట్లెక్కింది.

“నువ్వు తొందరపడుతున్నావు నాన్నా. నాతో పాటే రా.”

“వస్తున్నా కదే!”

“ఎక్కడ? ముందుకెళ్ళిపోయావు. మళ్ళీ మొదట్నుంచి.”

అమ్మ ఆఖరి మెట్టు మీద కూర్చుంది. అయిదూ నలభైకి లేచి మూడో పీపా దగ్గరికి నడిచింది.

ఆరుంబావుకు కింది అంతస్తు ఆవిడ మూడేళ్ళ కొడుకును చంకనేసుకుని మేడెక్కి వచ్చింది. చప్పుడు ఆగింది. నాన్న సారీ చెప్పబోయాడు.

“అయ్యో, పర్లేదు అన్నయ్యగారూ,” అంది ఆవిడ. “ఇది ఏ బ్యాచ్? మా వాడికి సీటుంటుందా?”

చేతిలో దరఖాస్తు ఉంది. అప్పటికే నింపి ఉంది.