అత్యవసరం ఫైళ్ల డ్రైవు

కాగితాన్ని పోగొట్టడానికి మానవజాతి కనిపెట్టిన మార్గాలన్నిటిలోకీ వేగవంతమైనది రెండువేల రెండో సంవత్సరం వేసవిలో, కొవ్వూరులోని కాలువగట్ల పర్యవేక్షణ కార్యాలయంలో అమల్లోకి వచ్చింది. (చెదపురుగులకు కనీసం ఒక వానాకాలం పట్టేది.)

దాని ఫలం మొట్టమొదట అందుకున్నవాడు అబ్బులు. అతని మూడెకరాల చేనుకి నీళ్లిచ్చే తూము పగిలిపోయింది. కాలువలో నీళ్లుండగా కొత్త తూము వెయ్యడం కుదరదు. వేసవిలో కాలువ కట్టేసినప్పుడే వెయ్యాలి. జూన్ ఒకటిన మళ్లీ నీళ్లు వదిలేస్తారు. ఈలోగా అనుమతి కాగితం రాకపోతే ఈ ఏడు సార్వా వరి పంట లేనట్టే. అందుకని ఏప్రిల్ ఆఖర్లోనే అర్జీ పెట్టి, పైన ఎర్ర సిరాతో 'అత్యవసరం' అని తనే రాశాడు. అతని జీవితంలో అంత పెద్ద పొరపాటు మరొకటి లేదు.

ఆఫీసు కంప్యూటరు మహా నెమ్మది. ఫైలు అడిగితే హార్డ్‌డిస్కు గరగరలాడి ఎప్పటికో ఇచ్చేది. ఆపరేటరు గణేష్‌బాబు ఒకరోజు మెమరీలోనే కొంత చోటు విడదీసి, దాన్నొక డ్రైవుగా చేశాడు. అందులో పెట్టిన ఫైలు నొక్కీనొక్కగానే తెరుచుకునేది. అది టెంపరరీ ఫైళ్లకు మాత్రమేననీ, కరెంటు పోతే అందులో ఏదీ మిగలదనీ అట్టముక్క మీద రాసి మానిటరుకి అతికించాడు కూడా. సూపరింటెండెంటు భాస్కరం గారు ఆ వేగం చూసి ముచ్చటపడ్డారు. అట్టముక్క మాత్రం చదవలేదు, దానికి ఇన్‌వర్డు నంబరు లేదు.

మర్నాడే ఉత్తర్వు వచ్చింది. అత్యవసరం ఫైళ్లన్నీ వేగం డ్రైవులో, మామూలువి నెమ్మది డిస్కులో ఉండాలి. డిస్కులో కూడా ఒక కాపీ దాస్తానన్న గణేష్‌బాబుకి, ప్రభుత్వ పత్రాలకు నకళ్లు పుట్టిస్తున్నాడని మెమో ఇచ్చారు. (యూపీఎస్ లేదా అని మీరడగవచ్చు. ఉంది. దానికి భాస్కరం గారి టేబుల్ ఫ్యాను తగిలించారు. కరెంటు పోయినప్పుడే కదా ఫ్యాను కావలసింది.)

అప్పటినుంచి అబ్బులు అనుమతి పత్రం ప్రతిరోజూ ఉదయం తయారయ్యేది. రాజమండ్రి నుంచి వంతెన దాటి వచ్చే ఇంజనీరు గారు సాయంత్రం నాలుగున్నరకి దాన్ని తెరమీద చూసి సరేనంటేనే ప్రింటు తియ్యాలి. కరెంటు కోత రెండు నుంచి నాలుగు. ఇంజనీరు గారు ఖాళీ తెరను శ్రద్ధగా పరిశీలించి, తమకు అభ్యంతరమేమీ లేదని చెప్పి బస్సు అందుకునేవారు.

ఇరవై రోజులు తిరిగేసరికి అబ్బులుకి చెప్పులతోపాటు ఓపికా అరిగిపోయింది. అదే గట్టు మీద ఎండిపోయిన నిద్రగన్నేరు చెట్టు కొట్టుకుంటానని పక్క చేను దొరబాబు నింపాదిగా పెట్టిన అర్జీకి మాత్రం నాలుగు రోజుల్లో కాగితం చేతికొచ్చింది. ఆరా తీస్తే గణేష్‌బాబు గుట్టు విప్పాడు.

అబ్బులు వెళ్లి భాస్కరం గారి ముందు నిలబడ్డాడు.

"నా పనికి తొందరేం లేదని రాసేసుకోండి బాబూ. ఆ నెమ్మది దాంట్లో పడేయండి, చాలు."

భాస్కరం గారు నొచ్చుకున్నారు. "అదేంటండి అబ్బులు గారూ? అవతల నీళ్లొచ్చేస్తుంటే మీ పని మేం తేలిగ్గా తీసుకుంటామా అండి?"

అయినా నిబంధన ఉంది కాబట్టి, అత్యవసరం తొలగించమని విడిగా అర్జీ పెట్టుకోమన్నారు. అబ్బులు పెట్టాడు. నీళ్లు వదలడానికి వారమే ఉన్నందున దాన్ని కూడా అత్యవసరంగా భావించి వేగం డ్రైవులో పెట్టారు.

జూన్ ఒకటిన కాలువ నిండుగా వచ్చింది. ముందు పారుతున్న నీళ్లనీ, వెనక బీటలు వారిన చేనునీ చూస్తూ గట్టు మీద కూర్చున్న అబ్బులుకి ఏడుపొచ్చింది. ఎవరైనా చూస్తారని కండువా మొహాన కప్పుకున్నాడు.

ఆరో తేదీన ఆఫీసు నుంచి కబురొచ్చింది. నీళ్లొచ్చేశాయి గనక ఇక తొందర లేదని, పత్రం మళ్లీ టైపు చేసి నెమ్మది డిస్కులో పెట్టారట. ఆ సాయంత్రమే ఇంజనీరు గారు చూడటం, ప్రింటు రావడం జరిగిపోయాయి. మే ముప్పై ఒకటిలోగా తూము వేసుకోవచ్చని అందులో ఉంది. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి ఆఫీసుకెళ్లిన అబ్బులు ఆ తేదీ మీద వేలు పెట్టి, భాస్కరం గారికి చూపించాడు.

అప్పుడే కరెంటు పోయింది. భాస్కరం గారు దయగా ఫ్యాను అతని వైపు తిప్పారు.

"కంగారు పడకండి. మీ కాగితం ఇప్పుడు డిస్కులో ఉందండి. ఎన్నేళ్లయినా ఎక్కడికీ పోదు."